ఈబో మోటారు మూత

క్వమెనా ఒటాబిల్ చేసిన పని కంటికి కనిపించకూడదు. అతని గొప్పంతా అందులోనే ఉంది. ఆక్రా నగరానికి పడమట తీరాన ఉన్న అపామ్ రేవులో ఎవరి పడవ మోటారుకైనా ఏదో ఒక భాగం పోయి, దాని బదులు ఎక్కడి నుంచో పాతది కొనుక్కొస్తే, దాని రంగును మోటారు రంగులో కలిపేసేది అతనే. కలవకపోతే రేవు ఊరుకోదు. ఒళ్ళు ఒక రంగు, మూత ఒక రంగు అయిన మోటారును చూస్తే చాలు, ఆ మూత ఎవరి మోటారు మీద నుంచి ఎగిరొచ్చిందోనని చెవులు కొరుక్కుంటారు. రేవు పెద్ద పిలిచి అడుగుతాడు. డబ్బు పెట్టి కొనుక్కున్నవాడు కూడా దొంగలా నిలబడి జవాబు చెప్పుకోవాలి. అందుకని భాగం కొన్నవాడు ముందు క్వమెనా గుమ్మం తొక్కి, ఆ తర్వాతే రేవులో అడుగుపెట్టేవాడు.

"నా పని మీ కంట పడిందా, నేను పని చేయనట్టే," అనేవాడు క్వమెనా.

కొత్త రంగు పూయడం ఎవడైనా చేస్తాడు, డబ్బా మూత తీస్తే సరి. పదేళ్ళు ఎండకు ఎండి, ఉప్పు తిని, పొగ తాగిన రంగును కలపడమే కష్టం. క్వమెనా డబ్బాలోని నీలంలో కాస్త పసుపు వేసేవాడు. చేపలు కాల్చే పొయ్యి మసిని గోటితో గీకి రవ్వంత కలిపేవాడు. మెరుపు చావడానికి కిరసనాయిలు చుక్కలు పోసేవాడు. తడిగా ఉన్నప్పుడు రంగు అబద్ధం చెబుతుందని అతని నమ్మకం. అందుకని కలిపినదాన్ని పాలడబ్బా రేకు ముక్కకు పూసి, బాగా ఆరనిచ్చి, ఆ రేకును మోటారుకు ఆనించి పది అడుగులు వెనక్కి నడిచేవాడు. కళ్ళు చికిలించి చూసినప్పుడు రేకు విడిగా కనిపించిందా, పని మళ్ళీ మొదటి నుంచి. కనిపించకపోతేనే బ్రష్షు పట్టేవాడు. రంగు పూసిన భాగం రెండు రోజులు భార్య ఆబా చేపలకు పొగబెట్టే పాకలో ఉండాలి. "చేపలు చాలవన్నట్టు మోటార్లను కూడా నా నెత్తిన రుద్దాడు," అని ఆబా సణిగేది గాని, పొగ అన్ని వైపులా సమంగా తగిలేలా దాన్ని తిప్పిపెట్టేది కూడా ఆవిడే.

వాళ్ళకు ఒక్కగానొక్క కొడుకు ఈబో. మంగళవారం పుట్టాడు. ఆ తీరంలో మంగళవారం సముద్రానికి సెలవు, ఆ రోజు ఎవరూ నీళ్ళలో పడవ దింపరు. "సెలవు రోజున పుట్టినోడు, వీడికి పనెలా అబ్బుతుంది," అని తల్లి ఏడిపించేది. కానీ పడవ వెనక కూర్చుని మోటారు నడపడంలో ఈబోను మించినవాడు ఆ రేవులో లేడు. ఒక్కటే లోపం, చేతిలో ఏదీ నిలవదు. ఎర అడిగితే ఎర, చొక్కా అడిగితే చొక్కా ఇచ్చేసి నవ్వుకుంటూ ఇంటికొచ్చే రకం.

ఒక ఏడు వానల్లో ఒక పెద్ద అల ఈబో మోటారు మూతను ఎగరేసుకుపోయింది. ఆక్రాలో పాత సామాన్ల బజారులో బూడిదరంగు మూత ఒకటి దొరికింది. క్వమెనా దాన్ని గరుకు కాగితంతో రుద్ది, అడుగుపూతగా ఎర్ర ప్రైమర్ కొట్టి, పైరంగు కలపడానికి కూర్చున్నాడు. ఊళ్ళోవాళ్ళ పనికి మూడు రేకులు పాడుచేస్తే, కొడుకు పనికి తొమ్మిది పాడుచేశాడు. చివరికి మూత బిగించి చూపిస్తే ఈబో చుట్టూ తిరిగి చూశాడు.

"నాన్నా, కొత్తది కొన్నావా, పోయినదే సముద్రంలోకి వెళ్ళి తెచ్చావా?"

ఆ మాట క్వమెనాకు వారం రోజులు కడుపు నింపింది.

ఆ వారమే ఈబో పడవకు ఎన్నడూ పడనంత చేప పడింది. ఆ తర్వాతి వారమూ అంతే. రేవుకు ఇంకేం కావాలి. మూతకు వేసిన రంగు చేపల్ని పిలుస్తోందన్నారు. నవ్వులాటకు మొదలైన మాట నాలుగు నోళ్ళు తిరిగేసరికి నిజమై కూర్చుంది. ఒకరోజు నాలుగిళ్ళ అవతల ఉండే ఎఫువా టావియా నల్లటి మూత ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఆవిడ మొగుడు పోయిన మనిషి. ఆవిడ కొడుకు యూకు, ఈబో, చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నారు. ఇప్పుడు యూకు ఇంకో పడవలో మోటారు నడుపుతున్నాడు.

"అన్నా, మావాడి మూత పగిలింది. దీనికి ఈబో మోటారు రంగే వెయ్యి," అంది ఎఫువా.

"మీ మోటారు ఒళ్ళు ఇంకొంచెం ముదురు చెల్లెమ్మా. దానికి తగ్గ రంగు కలిపిస్తాను, రెండు రోజులు ఆగు."

"నాకు తగ్గేది వద్దు, చేపల్ని పిలిచేది కావాలి."

"చేపలు రంగు చూసి వస్తాయా?"

"మనుషులు వస్తున్నారుగా, చేపలకేం రోగం?"

క్వమెనా నవ్వాడు. ఏ మోటారు రంగు ఆ మోటారుదే అన్నది అతను ముప్పయ్యేళ్ళుగా తప్పని మాట. కానీ ఈబో మూతకు కలిపిన రంగు అర డబ్బా మిగిలి ఉంది. ఎఫువా మొహంలో ఆశ ఉంది. రెండు రోజులు ఆగే ఓపిక ఆవిడకు లేదు. ఆ తొందరలో ప్రైమర్ కూడా కొట్టకుండా నలుపు మీద నేరుగా ఆ రంగు పూసేశాడు. మర్నాడు రేవులో రెండు పడవలూ పక్కపక్కన ఆగి ఉంటే రెండు మూతలూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"ఇందులో నా కొడుకుది ఏదో ఇప్పుడు నాకే తెలీదు," అన్నాడు క్వమెనా అందరూ వినేలా. గర్వంగానే అన్నాడు.

ఆ తర్వాత మూడు నెలలకు, ఒక బుధవారం తెల్లవారుతూనే, రెండు పడవలూ వెళ్ళాయి. ఒక్కో దాంట్లో ఐదుగురు. రోజూలాగే క్వమెనా ఒడ్డున నిలబడ్డాడు. పది అడుగుల దూరంలో ఈబో మోటారు మూత ఎండ మొదటి వెలుగులో కనిపించింది. ఎంత బాగా కలిసిందో అనుకున్నాడు. ఈబో చెయ్యి ఊపాడు. గురువారం గాలి లేచింది. శుక్రవారానికి మిగతా పడవలన్నీ తడిసి ముద్దై ఇల్లు చేరాయి. ఆ రెండే రాలేదు.

అవి ఊరికి ఫోను లేని రోజులు. వార్త రావాలంటే లారీ మీద రావాలి, లేదా మనిషి నడిచి తేవాలి. పది ఇళ్ళ ఆడవాళ్ళు కళ్ళు కాయలు కాచేలా నీళ్ళ వంక చూస్తూ ఇసకలోనే కూర్చున్నారు. ఆబా, ఎఫువా ఒకే చాప మీద కూర్చున్నారు. ఒకరు ఏడిస్తే ఇంకొకరు ఊరడించేవారు, మళ్ళీ వంతు మారేది.

మంగళవారం పొద్దున తూర్పు రేవు సెన్యా నుంచి ముగ్గురు మనుషులు లారీ దిగారు. తీరానికి కొట్టుకొచ్చిందని ఒక పడవ అడుగు చెక్క తెచ్చారు. సగానికి విరిగి ఉంది. దానికి పూసింది తారు, తారు అన్ని పడవలకూ ఒకటే. ఆ చెక్కకు చిక్కుకున్న తాళ్ళలో ఒక మోటారు మూత ఉందట. దాన్నీ తెచ్చారు. ఆ నీలాన్ని చూడగానే ఇసకలో ఉన్న పది ఇళ్ళవాళ్ళూ లేచి నిలబడ్డారు.

రేవు పెద్ద మూతను క్వమెనా ముందు పెట్టించాడు.

"క్వమెనా, రెండూ నువ్వు పూసినవే. ఇది ఏ పడవది?"

క్వమెనా మూతను చూశాడు. ఎత్తి చూశాడు, తిప్పి చూశాడు. అలవాటుకొద్దీ పది అడుగులు వెనక్కి వెళ్ళి కూడా చూశాడు. ముప్పయ్యేళ్ళ పనితనం అతన్ని చూసి వెక్కిరించింది.

"చూస్తే తెలీదు పెద్దాయనా, లోపల కూడా పూశాను. గీకాలి. ఎర్ర ప్రైమరూ దాని కింద బూడిదరంగూ వస్తే మావాడిది. నలుపొస్తే యూకుది."

చెప్పాక గాని ఆ మాటల బరువు అతనికి తెలియలేదు. ఒకవైపు ఆబా ఉంది, ఇంకోవైపు ఎఫువా ఉంది. ఎవరో మేకు అందించారు. పూసిన రంగు మీద ఏనాడూ గోరు కూడా తగలనివ్వని మనిషి మోకాళ్ళ మీద కూర్చుని మేకు ఆనించాడు. ఆ క్షణంలో దేవుణ్ణి అతను అడిగింది ఒక్కటే. నలుపు రానీ. ఎఫువా కొడుకు పుట్టినప్పుడు ఊయల తాడు కట్టిన చేతులవి. ఆ చేతులతోనే మేకు నొక్కుతూ, నలుపు రానీ, నలుపు రానీ అని అడిగాడు.

వేలెడు పొడవున గీశాడు. నలుపు వచ్చింది.

అతను నోరు తెరిచి చెప్పక్కర్లేకపోయింది. ఎఫువా అక్కడే కూలబడింది. యూకుతో వెళ్ళిన మిగతా నలుగురి ఇళ్ళవాళ్ళూ గొల్లుమన్నారు. ఆబా రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ చేతుల వెనక ఉన్నది ఏడుపు కాదని క్వమెనాకు తెలుసు, ఎందుకంటే తన గుండెలోనూ అదే ఉంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా ఆ ఊరట పోలేదు.

ఎఫువా ఆ సాయంత్రమే తల గొరిగించుకుంది, చావుకు కప్పుకునే ఎర్ర గుడ్డ కప్పుకుంది. క్వమెనా రోజూ పొద్దున్నే వెళ్ళి ఆవిడ వాకిట్లో కూర్చునేవాడు, వచ్చేపోయేవాళ్ళకు నీళ్ళిచ్చేవాడు. గీసిన మూత ఆ వాకిట్లోనే గోడకు ఆనించి ఉంది. ఆబా కూడా వచ్చి ఏడ్చి వెళ్ళేది. ఇంటికెళ్ళి మొహం కడుక్కుని, ఈబో వస్తే పామాయిలు చారు పెట్టాలని బతికున్న పీతలు కొని, కుండలో వేసి, తడి గోనె కప్పి ఉంచింది. పొగపాక పక్కన అవి కుండను గీరుతూ ఉండేవి.

"ఒక పడవ పోయిందంటే ఇంకోటి ఏ ఒడ్డుకో చేరే ఉంటుంది కదయ్యా?" అని అడిగేది.

"చేరే ఉంటుంది," అనేవాడు క్వమెనా. లెక్క ఎలా కుదురుతుందో అతనికీ తెలీదు, కానీ కుదిరినట్టే అనిపించేది. సముద్రం ఒక పడవ తీసుకుంది, దాని కడుపు నిండింది అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం, ఆక్రా వైపు నుంచి వచ్చిన లారీ ఎఫువా ఇంటి మలుపులో ఆగింది. మొదట ఒక మనిషి దిగాడు. ఎముకలు తేలి, పెదాలు పగిలి, ఒంటి మీద ఎవరిదో చొక్కాతో. నెత్తి మీద నీలం మూత. అతని వెనక ఇంకో నలుగురు దిగారు.

"అమ్మా," అన్నాడు యూకు.

ఎఫువా తల ఎత్తింది. తన బోడితలను తడుముకుంది. కొడుకుని తడిమింది. మళ్ళీ తన తలను తడుముకుంది. వాకిట్లో ఉన్నవాళ్ళలో కొందరు ఏడ్చారు, కొందరు పరిగెత్తి మిగతా నాలుగిళ్ళకూ కబురు మోసుకెళ్ళారు. క్వమెనా చేతిలో నీళ్ళ చెంబు అలాగే ఉంది. తనకు తెలియకుండానే అతని కళ్ళు గోడకున్న మూత మీదికి, అక్కణ్ణుంచి యూకు దింపుతున్న మూత మీదికి వెళ్ళాయి.

"మోటారు ఆగిపోయింది మామా," అని యూకు అతని దగ్గరికే వచ్చి చెప్పాడు. "గాలి ఎటు తోస్తే అటు పోయాం. పడవ నిండా నీళ్ళు. తోడడానికి ఏదీ మిగల్లేదు. ఈ మూత విప్పి, తిరగేసి, ఐదుగురం వంతులేసుకుని తోడాం. ఐదు రోజులు తోడాం. పక్క దేశంలో, లోమే అవతల ఒడ్డుకేసింది. పడవనీ మోటారునీ అక్కడే వదిలేశాం గాని దీన్ని వదల్లేదు. ప్రాణం నిలబెట్టింది ఇదే. అదృష్టమంటే ఈబోదే మామా."

"ఈబోదేంట్రా?"

"మూత ఈబోదేగా." యూకు తల గోక్కున్నాడు. "మార్చుకున్నాం. బుధవారం చీకటుండగా, నువ్వు ఒడ్డుకు రాకముందే. మూడు వారాలుగా నాకు చెప్పుకోదగ్గ చేప పడలేదు. 'ఈ వారం నాది పెట్టుకోరా, నీది నేను పెట్టుకుంటా, నాన్నకు చెప్పకు, ఆయనకెటూ తెలీదు' అన్నాడు. తిట్టకు మామా, వాడి సంగతి నీకు తెలుసుగా. వాడేడి? వాడిది వాడికిచ్చేస్తాను."

క్వమెనా చెంబు కింద పెట్టాడు. యూకు తెచ్చిన మూతను ఒళ్ళోకి తీసుకుని, అంచు లోపల బొటనవేలి గోటితో గీకాడు. ఎరుపు వచ్చింది. ఇంకాస్త గీకితే బూడిదరంగు.

బుధవారం పొద్దున పది అడుగుల దూరంలో నిలబడి, కొడుకు చెయ్యి ఊపుతుంటే తను మూతను చూశాడు. ఎంత బాగా కలిసిందో అని మురిసిపోయాడు. ఎఫువా మోటారుకు దాని రంగే కలిపి ఉంటే, ముదురుదో లేతదో ఏదో ఒకటి వేరేగా ఉంటే, మూతలు మారాయని రేవులో పసిపిల్ల కూడా చెప్పేది. మొన్న మంగళవారం నలుపు రానీ అని అడిగాడు. అడిగింది దొరికింది. ఆ నలుపే తన కొడుకు.

మూత చంకన పెట్టుకుని ఇంటికి నడిచాడు. నాలుగు గుమ్మాల దూరమే. ఆబా పాక ముందు కూర్చుని గోనె మీద నీళ్ళు చిలకరిస్తోంది. అతని చేతిలో మూత చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"వచ్చాడా?" అంది లేస్తూ. "ఈబోది కదా ఆ మూత. నీకిచ్చి వాడు రేవులోనే ఆగాడా? ముందు అమ్మకు కనిపించి పోవాలని కూడా తెలీదు వీడికి. ఏడీ? ఏమయ్యా, ఏడీ వాడు?"

క్వమెనా మూతను నేల మీద పెట్టి, పక్కన తనూ కూర్చుని, "గీసింది యూకు మూతనే ఆబా. వాళ్ళు మార్చుకున్నారు. పోయింది మనవాడే," అన్నాడు. ఒక్క ముక్క కూడా మెత్తగా చెప్పలేకపోయాడు. ఆబా ఏడవలేదు. అతను చెప్పింది వేరే భాషలో మాట అన్నట్టు మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. గోనె కింద పీతలు కుండను గీరుతూనే ఉన్నాయి.

కాసేపటికి ఎఫువా వచ్చింది. కొడుకుని ఇంట్లో వదిలి, గొరిగిన తలతోనే వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, ఒంటి మీది ఎర్ర గుడ్డ తీసింది. నాలుగు రోజులు ఏడ్చి తడిపిన గుడ్డ అది. మడత కూడా పెట్టలేదు. దాన్ని అలాగే తెచ్చి ఆబా భుజాల మీద కప్పింది.

"నీది నేను కప్పుకున్నాను వదినా," అంది.

అప్పుడు ఆబా ఏడ్చింది. ఆ ఏడుపు విని క్వమెనా చెవులు మూసుకున్నాడు. ఈబోతో వెళ్ళిన మిగతా నలుగురి ఇళ్ళకూ తనే వెళ్ళాలి. తను చెప్పిన మాటను తనే వెనక్కి తీసుకుని, వాళ్ళ గుమ్మాల్లో కొత్తగా చెప్పాలి. ఆ సాయంత్రమే వెళ్ళాడు. ఒక ఇంట్లో తలుపు తీయలేదు. బయటి నుంచే చెప్పి వచ్చాడు.

నలభయ్యో రోజు దాటాక సముద్రం తెచ్చిచ్చిన మూతను తమ ఇంటికి తెచ్చుకున్నారు. ఈబో చివరిసారి చెయ్యి వేసింది దాని మీదే. ఆబా దాన్ని గుమ్మం పక్కన పెట్టింది. రోజూ తుడిచేది. మేకు గీసిన చోటికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయేది.

"ఇది చూడలేకపోతున్నానయ్యా," అంది ఒకరోజు. "మూసెయ్యి."

క్వమెనా పొగపాకలోకి వెళ్ళాడు. ఆ రంగు డబ్బా ఇంకా అక్కడే ఉంది. పైన మీగడలా గడ్డకట్టింది, పుల్లతో చీలిస్తే లోపల అడుగున రెండు చెంచాలంత పచ్చిగానే ఉంది. బ్రష్షు కొస ముంచి ఒక్కసారి లాగితే చాలు, గీత ఉందని ఆ దేవుడు కూడా కనిపెట్టలేడు. డబ్బా వంక చాలాసేపు చూశాడు. చివరికి దాన్ని మూసి పక్కన పెట్టి, ఎర్ర ప్రైమర్ డబ్బా తీసుకుని బయటికొచ్చాడు.

గీత పొడవునా ఎరుపు నింపాడు. అంచులు కలపలేదు, మసి వేయలేదు, మెరుపు చంపలేదు. ఆరేదాకా అక్కడే కూర్చున్నాడు.

తర్వాత లేచి పది అడుగులు వెనక్కి నడిచాడు. కళ్ళు చికిలించి చూశాడు. గీత కనిపించింది. ఇంకో పది అడుగులు వేశాడు. ఇసక దాకా, ఇసక దాటి పడవల దాకా, పడవలు దాటి కాళ్ళకు నీళ్ళు తగిలేదాకా వెనక్కే నడిచాడు. అక్కణ్ణుంచీ కనిపించింది.